చిక్కుళ్లకు నాలుగు నిమిషాలు

లెక్కల మాస్టారికి కార్ల పందెం ఆటంటే ప్రాణం. కంప్యూటరు పాత డిస్కులో అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆలోగా ఆయన వంటింటి గడప దగ్గర చతికిలబడి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, భార్యతో కబుర్లాడుతూ చిక్కుడుకాయల ఈనెలు తీసేవారు. మొన్న వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు, ఎస్‌ఎస్‌డీ కొని, ఉన్నవన్నీ అందులోకి మార్చి, కొత్త పెళ్లికొడుకులా దాని ముందు కూర్చున్నారు. ఆట రెప్పపాటులో తెరుచుకుంది. మాస్టారు వంటింటి వైపు రావడమే మానేశారు.

మూడో రోజు ఆవిడ, "ఏమండీ, కాయల సంగతి సరే, నాలుగు మాటలాడదామన్నా మనిషి దొరకట్లేదు" అంది. మాస్టారు విననట్టే స్టీరింగు తిప్పారు.

మర్నాడు గడప దగ్గర ఆయన్ని చూసి, "అప్పుడే మొరాయించిందా కొత్తది?" అంది.

"చోటు చాల్లేదే. ఆ ఒక్క ఆటనీ పాతదాంట్లోకే పంపేశాను" అన్నారు మాస్టారు, ముప్పావు వంతు ఖాళీగా ఉన్న కొత్త డిస్కు సాక్షిగా, చిక్కుళ్ల గిన్నె ముందుకు లాక్కుంటూ.