శుక్రవారం ఖాళీ చేయని గోలెం

ఈ బరువు ఏళ్లుగా మోస్తున్నాను. అలసిపోయాను. నా పేరు అడగకండి, చదవండి చాలు.

మోత్కూర్ దగ్గరి ఒక ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. వానాకాలం వచ్చిందంటే ప్రతి శుక్రవారం ఇల్లిల్లూ తిరిగి, నీళ్లు నిల్వ ఉంచే సిమెంటు గోలేలు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టమని చెప్పేదాన్ని. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూటే కుడుతుంది అని గొంతు పోయేలా చెప్పేదాన్ని.

మరి మా ఇంట్లో? శుక్రవారం నీళ్లు పారబోస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మా అత్త గోలెం ముట్టనిచ్చేది కాదు. శనివారం చేయవచ్చుగా? చేయవచ్చు. ఊరంతా తిరిగొచ్చిన ఒళ్లు, రేపు చూద్దాంలే అనుకునేదాన్ని. ఒకరోజు పైన కప్పిన రేకు తీస్తే నీళ్లలో దోమ పురుగులు గిలగిలా తిరుగుతున్నాయి. చూశాను. రేకు కప్పేశాను.

కొద్దిరోజులకే పక్కింటి యాదమ్మ కూతురు అనితకు జ్వరం వచ్చింది. జ్వరం దిగాక కడుపునొప్పి అంది. డెంగీలో అప్పుడే ప్రమాదమని నేనే పట్టుబట్టి దవాఖానకు పంపాను. పిల్ల దక్కలేదు.

అంతా అయ్యాక యాదమ్మ నా చేయి పట్టుకుంది.

"అక్కా, గా దోమ ఏడికెల్లి వచ్చిందే? పురుగులు మా గోలెంలనే ఉండెనా?"

ఆమె గోలెం నేను చూశాను. శుభ్రంగా ఉంది. నా మాట విని ప్రతి శుక్రవారం తోమేది. అయినా నేనేమన్నానో తెలుసా?

"ఉండెనేమో యాదమ్మా. అడుగుకు మంచిగ తోమకపోతివి."

ఎందుకన్నాను? పని పోతుందనా? ఊరు ఉమ్మేస్తుందనా? కాదేమో. ఆమెకు నా మీదున్న నమ్మకం పోతుందని భయపడ్డాను. దాన్ని కాపాడుకోవడానికి కూతురి చావును ఆ తల్లి నెత్తినే పెట్టాను. ఏ దోమ కుట్టిందో ఎవరూ తేల్చలేరు, నిజమే. ఆ మాట పట్టుకుని తప్పించుకోవాలని ఎన్నిసార్లు చూశానో. కుదరలేదు.

యాదమ్మ తన గోలెం పగలగొట్టించింది. బిందెల్లో నీళ్లు అయిపోతే మా ఇంటికే వస్తుంది. మా గోలెంలోంచి ముంచి పోస్తాను. "నీకు పున్నెముంటది అక్కా" అని పోతుంది. నేను తల ఊపుతాను. సిగ్గు లేకుండా ఊపుతాను.

పురుగులున్నది మా గోలెంలో యాదమ్మా, నీ గోలెంలో కాదు. ఆమె ముఖం చూస్తూ అనలేని ఈ మాట ఇక్కడ రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే.