నా చెయ్యి మంచిదట

మా అత్తగారికి కంట్లో శుక్లం తీయించిన వారమే పెరట్లో కోడి పొదుగుకొచ్చింది. నా కర్మ కాకపోతే సరిగ్గా అప్పుడే రావాలా? ఆవిడ నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. వంగకూడదు, బరువెత్తకూడదు అని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు. కోడేమో మూలనున్న గంపలో ఈకలు నిక్కబొడుచుకుని కూర్చుని, దగ్గరికెళ్ళినవాళ్ళ మీదల్లా గుర్రుమంటోంది.

"బిడ్డా, ఈసారి గుడ్లు నువ్వే పెట్టాలె ఇగ," అంది అత్తగారు.

నేను పుట్టి పెరిగింది గోదావరి వైపు టౌనులో, మేడ మీద అద్దె వాటాలో. కోడిని కంచంలో తప్ప దగ్గరగా చూసినదాన్ని కాను. ఆ మాటే చెప్పాను.

"నాకు రాదండీ, అత్తయ్యగారూ."

"అత్తమ్మ అను, సాలు. గారు, అండి అనవడితివి. నేనేమన్న కలెక్టర్నా? నేను జెప్త, నువ్వు జెయ్యి."

ఆవిడ మంచం మీద నుంచి చెబుతుంటే నేను చేశాను. గంపలో అడుగున ఊక, దాని మీద మెత్తటి గడ్డి. గడ్డి కింద ఒక ఇనుప మొల. అది లేకపోతే ఉరుములకి గుడ్లు చెడిపోతాయట. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గియ్యాలి. కోడి కొత్తగా గుడ్డు పెడితే తెలిసిపోతుంది, దాన్ని తీసేయొచ్చు. గుడ్లు బేసి లెక్కలో ఉండాలి. నా చేతి మీద కోడి రెండుసార్లు పొడిచింది. తిట్టుకుంటూనే అన్నీ దాని పొట్ట కిందకి తోశాను.

మూడు వారాలు తిరిగేసరికి అన్నీ పిల్లలయ్యాయి. ఒక్కటంటే ఒక్కటి మురగలేదు. అత్తగారు అద్దాలు తీసేసి, తడిమి తడిమి లెక్కపెట్టి, నా కుడిచెయ్యి పట్టుకుంది. "గిట్ల నా చేతుల మీద గూడ ఎన్నడు కాలె. నీ చెయ్యి మంచిది బిడ్డా," అంది.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు పట్టరాని సంతోషమేసింది. ఆ ఇంట్లో అప్పటిదాకా నాకు మంచి పేరొచ్చిన పని ఒక్కటీ లేదు. నా పులుసు పుల్లన, నా పప్పు చప్పన, నా మాట అందరికీ నవ్వులాట. వాళ్ళు ఈ ఊరివాళ్ళే, తాతల నాటి నుంచి నల్లగండ్లలోనే ఉన్నవాళ్ళు. నేనూ మా ఆయనా ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి చేసుకున్నాం. ఆయన ప్రోగ్రాములు రాసేవాడు, నేను వాటిలో తప్పులు పట్టేదాన్ని. కోడిగుడ్డుకి ఈకలు పీకడమే నీ ఉద్యోగం అని ఆయన ఎగతాళి చేసేవాడు. పాప పుట్టాక మానేశాను. పాలు మాన్పించగానే మళ్ళీ చేరదామనుకున్నాను. ఈలోపు ఈ చెయ్యి ఒకటి మంచిదైపోయింది.

ఆ తర్వాత వాడకట్టులో ఎవరి కోడి పొదుగుకొచ్చినా నన్నే పిలిచేవారు. పాత ఇళ్ళు కొన్నే మిగిలాయి కానీ కోళ్ళకేం కొదవ లేదు. "మీ ఆంధ్రా కోడల్ని జర తోలియ్యమ్మా" అని గుమ్మం ముందు నిలబడేవారు. అత్తగారు గర్వంగా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. నేను చెయ్యి పెట్టడం, పిల్లలవడం, వాళ్ళు మళ్ళీ రావడం. అవకపోతే కదా వదిలేది!

మా పెరడు గురించి చెప్పాలి. ఒకప్పుడు చుట్టూ పొలాలేనట. ఇప్పుడు మూడు వైపులా అపార్ట్‌మెంట్లు. మా పెరట్లోకి ఎండ రావడానికి బాగా పొద్దెక్కుతుంది, తొందరగా వెళ్ళిపోతుంది కూడా. పై అంతస్తుల బాల్కనీల్లోంచి పిల్లలు కిందికి చూసి "కోడి, కోడి" అని అరుస్తారు. తల్లులు వాళ్ళకి అన్నం పెడుతూ మమ్మల్ని చూపిస్తారు. గంప ముందు గొంతుక్కూర్చుని ఊక సర్దుతున్న నేను కూడా అందులో భాగమే. ఒకావిడ ఫోనుతో వీడియో కూడా తీసింది. మెళ్ళో ఐడీ కార్డు వేసుకుని ఆఫీసు బస్సు కోసం పరిగెత్తిన మనిషిని నేను, అని అరిచి చెప్పాలనిపించేది. చెబితే మాత్రం ఎవరికి కావాలి?

మా పాత టీమ్ లీడ్ నన్ను మర్చిపోలేదు. మొదటిసారి ఆవిడ ఫోన్ చేసి ఖాళీ ఉంది, వస్తావా అనడిగినప్పుడు, అత్తగారితో చెప్పాను. 

"పో బిడ్డా. ఎవరొద్దన్నరు? గాని కోడి కూసున్నది గదా. అది లేసినంక పో."

సరే, మూడు వారాలే కదా అనుకున్నాను. కోడి లేచింది. పిల్లలు కీచుకీచుమంటూ దాని వెనక తిరుగుతున్నాయి. మళ్ళీ అడిగాను.

"పిల్లలు జర పెద్దగ కానీ. నాకు కండ్లు సరిగ అగుపడవాయె. గద్ద ఎత్కపోతె ఎట్ల?"

అవి ఎదిగాయి. అప్పటికి ఇంకో పెట్ట పొదుగుకొచ్చింది. ఇలా ఎప్పుడూ ఒక కోడి కూర్చునే ఉండేది. ఒక్కసారి కూడా ఆవిడ వద్దనలేదు, అదే నాకు ఒళ్ళుమంట. వద్దంటే పోట్లాడొచ్చు, అలగొచ్చు, పుట్టింటికి ఫోన్ చేసి ఏడవొచ్చు. పొమ్మంటూనే ముందరి కాళ్ళకు బంధం వేసే మనిషితో ఏమని పోట్లాడను? 

మా ఆయనతో అంటే ఇంకా చిరాకు.

"అమ్మ వద్దంటలేదు గదా," అనేవాడు లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

"వద్దంటే బావుండేది."

"గదేంది? పొమ్మన్నా కష్టమేనా నీకు?"

ఆయనకి అర్థం కాలేదు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయే మనిషికి ఎలా అర్థమవుతుంది? మా డాబా ఎక్కితే ఆయన ఆఫీసు అద్దాల మేడ కనిపిస్తుంది. బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడల్లా నేను దాన్ని చూసేదాన్ని. నాకు ఊపిరాడనట్టుండేది. ఇల్లు మంచిదే, మనుషులు మంచివాళ్ళే, అయినా ఆడేది కాదు.

ఒక వానాకాలం విసుగెత్తి, గడ్డి కింది ఇనుప మొల తీసి గోడ అవతలికి విసిరేశాను. ఆ వారమంతా ఉరుములే ఉరుములు. హమ్మయ్య, ఈసారి గుడ్లు పోతాయి, దాంతో నా చేతి మహిమా పోతుంది అనుకున్నాను. నా మొహం! అన్నీ పిల్లలయ్యాయి. అత్తగారు బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది.

ఈ ఏడాది వానలు మొదలైనప్పుడు ఒక శుక్రవారం టీమ్ లీడ్ మళ్ళీ ఫోన్ చేసింది. మొహమాటం లేకుండా చెప్పింది. "సోమవారం చేరితే సీటు నీది. లేదంటే వేరేవాళ్ళని తీసుకుంటున్నారు. నేనింకోసారి అడగలేను, ఏమీ అనుకోకు." వస్తున్నాను అనేశాను. ఎవర్నీ అడగలేదు. ఫోన్ పెట్టేశాక ఇంట్లోవాళ్ళకి చెప్పాను. మా ఆయన మంచిది అన్నాడు. అత్తగారు నూకలు చల్లుతూ "పో బిడ్డా" అంది. నేను "గాని" కోసం ఎదురుచూశాను. అనలేదు. ఆ రెండు రోజులూ చీరలన్నీ తీసి ఏది కట్టుకోవాలా అని చూసుకున్నాను.

ఆదివారం సాయంత్రం వచ్చింది ఆ "గాని". ఎర్రపెట్ట పొదుగుకొచ్చింది.

"బిడ్డా, జర గుడ్లు పెట్టి పో."

"నేను పెట్టనండి. రేపటి నుంచి చూసుకోవడానికి నేనుండను."

"సూసుడు నేను సూస్త. నీ చెయ్యి తాకితె సాలు."

"పెట్టనండి."

నేను లోపలికెళ్ళి పాప బడిబట్టలకి ఇస్త్రీ చేస్తున్నాను. కాసేపటికి పెరట్లోంచి ఆవిడ మాట వినిపించింది. "నువ్వు పెట్టు బంగారం. మీ అమ్మ చెయ్యి నీకొచ్చిందో లేదో సూద్దాం. వచ్చిందనుకో, ఇగ మన ఇంటికి ఫికరే లేదు."

కిటికీలోంచి చూశాను. నా కూతురు, యూకేజీ చదివే పిల్ల, గంప ముందు అచ్చం నాలాగే గొంతుక్కూర్చుంది. ఒళ్ళో గిన్నెనిండా గుడ్లు. రెండు చేతులతో ఒక గుడ్డు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది. దాని మొహంలో ఎంత సంబరమో! నా చెయ్యి మంచిదన్న రోజు నా మొహం కూడా అలాగే వెలిగిపోయి ఉంటుంది.

ఇస్త్రీ పెట్టె అలాగే వదిలేసి వెళ్ళి, పిల్ల చేతిలోది, ఒళ్ళోవి, గంపలో అప్పటికే పెట్టినవి, అన్నీ లాక్కున్నాను. కోడి నా మణికట్టు మీద పొడిచింది. పొడిస్తే పొడవనీ. వంటింట్లోకి తెచ్చి ఒక్కొక్కటే గిన్నె అంచుకి కొట్టి పగలగొట్టాను. పాప గట్టిగా ఏడుపు మొదలెట్టింది. ఉల్లిపాయలు తరిగాను, పచ్చిమిరపకాయలు వేశాను, బాణలి పెట్టాను.

అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. కేకలేస్తుందనుకున్నాను.

"నేనెన్నడన్న నిన్ను వద్దన్ననా?" అంది.

"అనలేదండి. ఒక్కసారైనా అనుంటే బావుండేది."

ఆవిడ గడప మీద కూలబడింది.

"వద్దంటె పోతవ్ నువ్వు. నాకు తెల్వదా? నా కొడుకును జేసుకుంటనంటె మీవోళ్లు వద్దన్నా వచ్చినదానివి." కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "పొద్దుగాల వాడు పోతడు. పోరి బడికి పోతది. మా వాడకట్టోళ్లందరు జాగలమ్ముకొని పోయిన్రు. నువ్వు గూడ పోతె నేనెవరితోని మాట్లాడాలె? గీ కోళ్లతోనా?"

మూడేళ్ళుగా నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. కోడి పొదిగితే ఏమనాలో, పిల్లలకి గద్ద భయమంటే ఏమనాలో, పక్కింటివాళ్ళు పిలుస్తున్నారంటే ఏమనాలో అన్నీ రాత్రిళ్ళు పడుకుని నూరుకున్నాను. దీనికి మాత్రం నా దగ్గరేమీ లేదు. ఆవిడ మీద కోపం పోలేదు. దానికి తోడు జాలి కూడా వచ్చి చేరింది, అది మరీ అన్యాయం. గుడ్ల పొరటు అందరి కంచాల్లో పెట్టాను. అందరం తిన్నాం, పాప కూడా ఏడుస్తూనే తింది. 

"ఉప్పు తక్కువైంది," అంది అత్తగారు.

సోమవారం వెళ్ళాను. పాపని బడి బస్సెక్కించి, ఆయన బండి మీదే వెళ్ళాను. అత్తగారు గేటు దాకా వచ్చింది. గాలి తగులుతుంటే నాకు ఏడుపొచ్చింది, హెల్మెట్‌లో ఎవరికీ కనబడలేదు. ఆఫీసులో కొత్త కార్డు ఇచ్చారు, కొత్త సీటు చూపించారు. పక్క సీటు కుర్రాళ్ళు నన్ను మేడమ్ అన్నారు. టెస్టు చేయాల్సిన పేజీ తెరిచి పావుగంటలో ఒక తప్పు పట్టాను. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! నాది ఇంకా పనికొచ్చే బుర్రేనన్నమాట అనుకున్నాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీమ్ లీడ్‌తో పడీపడీ నవ్వాను కూడా.

భోజనం చేసి వచ్చి కూర్చున్న కాసేపటికి ఇంటి నుంచి ఫోన్.

"బిడ్డా, కోడి లేస్తలేదు," అంది అత్తగారు. "గుడ్లు లేవు, ఏం లేవు. ఉట్టి గంపల కూసున్నది. నిన్నటి సంది మేత ముట్టలె, నీళ్లు ముట్టలె. ఏం జెయ్యాలె?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కోళ్ళ మధ్య బతికిన మనిషి నన్నడుగుతోంది.

"పొదుగు మానాలంటే చల్లటి నీళ్ళల్లో ముంచి తీసి వాకిట్లో వదిలేయమని మీరే కదండీ నాకు చెప్పారు."

"నాకు మనసొప్పుతలేదు. నువ్వొచ్చినంక జేద్దాం."

"నేను వచ్చేసరికి ఏడవుతుందండి."

"కానీ తియ్యి. గప్పటిదాంక నేను గూడ దాని పక్కనే కూసుంట."

"వద్దండి. లోపలికెళ్ళి పడుకోండి. అన్నం తిన్నారా?"

"కోడి తినలె గదా," అంది.

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు, అదే నా ప్రాణం తీసింది. మా ఆయనకి ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తా అని మెసేజ్ పెట్టాడు. ఆవిడకి మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఫోన్ ఇంట్లో వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. స్క్రీన్ మీద పేజీ అలాగే ఉంది. ఒక్క అక్షరం తలకెక్కలేదు.

ఇంకా మూడున్నర కూడా కాలేదు. చేరిన మొదటి రోజే ఇంటికెళ్ళడానికి పర్మిషన్ అడగాలని లేచి టీమ్ లీడ్ సీటు వైపు నడిచాను.