తప్పంతా ప్రాక్సీదే

పలాసలోని ఆ జీడిపప్పు కంపెనీలో ఏ తప్పు జరిగినా అప్పలసూరి దగ్గర జవాబు ఒక్కటే: ప్రాక్సీ. ఆఫీసు కంప్యూటర్లు బయటి ఇంటర్నెట్టుకు వెళ్ళాలంటే మధ్యలో దాటవలసిన గేటు అది. ఆ గేటుకు కాపలా అప్పలసూరే. తను కాపలా కాసేదాన్నే అంతగా ఆడిపోసుకునే మనిషిని కొత్తగా పనిలో చేరిన స్వాతి ఎక్కడా చూడలేదు.

ఓ మధ్యాహ్నం లెక్కలు చూసే రామూర్తి కీబోర్డు మీద తల వాల్చి గుర్రు పెడుతుంటే యజమాని గోపాలరావు వచ్చి నిలబడ్డాడు.

"ఈయనకేటైనాది?"

"ప్రాక్సీ నెమ్మదించినాది బాబూ. పేజీ కోసం ఎదురు సూత్తన్నాడు," అన్నాడు అప్పలసూరి.

"కళ్ళు మూసుకునా?"

"సానాసేపు తెరిసే సూసినాడు మరి."

టీలో పంచదార తగ్గినా అదే మాట. "ఫ్లాస్కుకి ప్రాక్సీ ఏటి బాబాయ్?" అని స్వాతి అడిగితే, "కొత్తదానివి, నీకు తెల్దు," అనేవాడు. ఈయనకు కాస్త తిక్క అనుకుంది స్వాతి.

పూండి నుంచి రైల్లో వచ్చే స్వాతి చేరి నెల కాలేదు. పని నచ్చితేనే ఉంచుకుంటానని గోపాలరావు ముందే చెప్పాడు. అలాంటిది, ఆఫీసు లోపలి స్టాకు సైటులో ఆమె గుండు పప్పు అని కొట్టాల్సిన చోట బద్ద అని పడింది. విశాఖ పెళ్ళివారికి వెళ్ళాల్సిన గుండు పప్పుకు బదులు రెండుగా విడిపోయిన బద్దలు లారీ ఎక్కాయి. లారీ టెక్కలి దాటాక గాని ఎవరూ చూసుకోలేదు.

"ఎవులు కొట్టినారిది?" గోపాలరావు కేకకు గోదాంలో ఆడవాళ్ళు కూడా చేతులాపారు.

స్వాతి లేచి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోగా అప్పలసూరి అడ్డొచ్చాడు.

"ప్రాక్సీ బాబూ. పాత పేజీ దాసుకొని సూపించేసినాది."

"నీ ప్రాక్సీని తగలెయ్య! నీకు జీతమెందుకిత్తన్నాను?"

"నిన్ననే బాగుసెయ్యాల్సింది. తప్పు నాదే."

తిట్లన్నీ తల వంచుకుని తిన్నాడు. స్వాతి ఉద్యోగం నిలిచింది. తను సరిగ్గానే కొట్టిందేమో, గేటు దగ్గరే తారుమారైందేమోనని ఆ పిల్ల నిజంగానే నమ్మేసింది.

తరవాత కొత్త కంప్యూటరొకటి వస్తే, సెట్టింగులు ఆమె చేతే పెట్టించాడు అప్పలసూరి.

"ఇక్కడ ప్రాక్సీ అడ్రసు కొట్టు. కిందన మన లోపలి సైట్ల పేర్లు కొట్టు. ఇయ్యి ప్రాక్సీ మీంచి ఎల్లవు, తిన్నగా ఎల్లిపోతాయి."

స్వాతి చెయ్యి ఆగింది. "స్టాకు సైటు కూడానా?"

"అదే ముందు."

"ఎప్పట్నుంచి?"

"పెట్టిన కాడ్నుంచీ."

"మరి ఆ రోజు లారీకీ ప్రాక్సీకీ సంబంధమేటి బాబాయ్?"

అప్పలసూరి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లిగా మాటాడు తల్లీ. ప్రాక్సీ ఇంటే బాదపడతాది."

స్వాతికి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. పైకి మాత్రం నవ్వేసి మిగతా పేర్లు కొట్టింది.

మర్నాడు అప్పలసూరి తన ఊరు నందిగాం నుంచి ఇంకా రాలేదు. గోపాలరావు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"సూరిగాడేడీ?"

స్వాతి తెర మీంచి కళ్ళు తిప్పకుండా చెప్పింది.

"ప్రాక్సీ సార్."

గోపాలరావు ఆమెను కాసేపు తేరిపార చూశాడు.

"నీకూ అంటుకున్నాదేటి?" అని, నవ్వు దాచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.