చెదలు పట్టని పాస్‌పోర్టు

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో మా ఇంట్లో ప్లాస్టిక్ పొర లేని కాగితం ఒక్కటే ఉండేది, గోడ మీది క్యాలెండర్. ఏడాదికోసారి మారిపోతుంది కాబట్టి అది బతికిపోయింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, నా పదో తరగతి మెమో, డిప్లొమా సర్టిఫికెట్, గొర్రెల సొసైటీ కార్డు, చివరికి అవ్వ కంటి ఆపరేషన్ చీటీ కూడా తిరుమలగిరి అంగడి పక్కన ఉన్న జిరాక్స్ షాపులో ల్యామినేషన్ చేయించుకుని ట్రంకుపెట్టెలో పడుకునేవి. (పెట్టె మూత ఎత్తితే అన్నీ ఒకదాని మీద ఒకటి జారి, బుట్టలోంచి చేపలు పడ్డట్టు కింద పడేవి.) దీనికో కారణం ఉంది. నా చిన్నప్పుడు ఒక వానాకాలం బాపు గొర్రెల మందతో వలస పోయి తిరిగొచ్చేసరికి, దూలం సందులో దాచిన పట్టా పాసుబుక్కును చెదలు తినేశాయి. ఆ చెలక భూమి మాదేనని రుజువు చేసుకోవడానికి ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, మేపాల్సిన గొర్రెలను అమ్ముకోవాల్సి వచ్చింది. ఆనాటి నుంచి బాపుకు దేవుడి తర్వాత నమ్మకం ఏదైనా ఉందంటే అది ప్లాస్టిక్ మీదే.

నేను మెకానికల్ డిప్లొమా చదివి చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాను. గోలీలకు రంగు పొర పూసే మెషిన్ నా చేతి కింద ఉండేది. ఆ ఫ్యాక్టరీలో చెయ్యి కడుక్కోవడానికి కూడా ఒక పద్ధతి కాగితం ఉంటుంది, వరుస నంబర్లతో. నాకు అది ఉద్యోగంలా అనిపించలేదు, సొంతిల్లులా అనిపించింది. బజారుకు పోయినా జాబితా రాసుకునేవాణ్ణి, ఉల్లిగడ్డ తెచ్చాక దాని ఎదురుగా టిక్కు కొట్టేవాణ్ణి. అలాంటి నన్ను, మా కంపెనీ అమ్మిన మెషిన్ ఒకటి బిగించి నడిపించి రావడానికి మూడు నెలలు మస్కట్ పంపాలని మా పెద్దసారు నిర్ణయించారు. అక్కడి నుంచి వచ్చినవాడికి సీనియర్ హోదా ఖాయం. పోనివాడు అదే మెషిన్ పక్కన అదే టోపీ పెట్టుకుని నిలబడాలి. మా ఊళ్లో మాత్రం ఈ సంగతి "మల్లన్న కొడుకు దుబాయి బోతాండట" అని పాకింది. మస్కట్ వేరు, దుబాయి వేరు అని మ్యాపు తీసి చూపించాను. "గదేందో గని, గల్ఫే గదనే" అన్నారు. వాళ్లకు భూగోళం తెలియదని అప్పుడు నవ్వుకున్నాను. ఏ దేశమూ చేరనివాడికి రెండూ ఒకటేనని తర్వాత తెలిసింది.

వీసా వచ్చింది, టికెట్ వచ్చింది. ప్రయాణానికి ముందు శనివారం ఇంటికి పోయాను, ఎందుకంటే పాస్‌పోర్టును ఒక రాత్రి దేవుడి అర్రలో పెట్టకుండా విమానం ఎక్కితే ఊరుకునేది లేదని అవ్వ ఫోన్లో బెదిరించింది. పసుపు, కుంకుమ దాని మీద పడకుండా నేనే పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టాను. (ముందుజాగ్రత్తలో నన్ను మించినవాడు లేడని ఆ క్షణంలో నాకు గట్టి నమ్మకం.) మరునాడు పొద్దెక్కి లేచేసరికి దేవుడి ముందు కవరుంది, పాస్‌పోర్టు లేదు. బాపు అంగడికి పోయాడంది అమ్మ. మధ్యాహ్నానికి ఆయన పొట్టేలు పిల్లను తాడుతో, నా పాస్‌పోర్టును చొక్కా జేబులో పట్టుకొచ్చాడు.

"ఇగో బిడ్డా, ఇగ ఫికర్ లేదు. సముద్రంల పడ్డా నానది."

తెరిచి చూశాను. నా ఫొటో ఉన్న పేజీ అద్దంలా మెరుస్తోంది.

"బాపూ... ఏం జేసినవే?"

"ల్యామినేషన్ ఏపిచ్చిన. మిషిన్ల పుస్తకం పట్టదన్నడు గా జిరాక్స్ పోరడు. చేతగాదన్నడు. నేనిడిస్తనా? ఇస్త్రీపెట్టె తెప్పిచ్చి, మీద బట్టేసి, నేనే నిలవడి రుద్దిపిచ్చిన. నీ బొమ్మున్న కాయిదం ఒక్కటే. ఖాళీ కాయిదాలకు ఎందుకు దండుగ?"

"గది సర్కారోళ్ల పుస్తకం బాపూ, ముట్టద్దు."

"పట్టాబుక్కు సర్కారోళ్లది గాదా? సెదలు తిన్ననాడు సర్కారోడు వచ్చిండా?"

ఆయన ముఖం చూస్తే, కొడుకును విదేశం పంపుతున్న తండ్రిగా తన వంతు పని తాను చేసేశానన్న తృప్తి కనబడుతోంది. మంచిగున్నదన్నాను. టికెట్ బుక్ చేసింది కంపెనీ, బట్టలు కుట్టించుకున్నది నేను, పచ్చడి కట్టింది అమ్మ, దీవించింది అవ్వ. ఆయనకు ఈ ప్రయాణంలో మిగిలింది ఆ ఒక్క పేజీ.

తిరుగు బస్సులో దాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని తనిఖీ చేశాను. మూస్తే మూసుకోదు. వదిలితే కప్ప నోరులా తెరుచుకుంటుంది. పొర కింద అక్కడక్కడా గాలి బుడగలు, ఒకటి సరిగ్గా నా ముక్కు మీద. అయితే అక్షరాలన్నీ చదవొచ్చు, నంబరు స్పష్టంగా ఉంది. మరి ఇది పాడైనట్టా, కానట్టా? చౌటుప్పల్‌లో నా రూములో ఒక దోస్తు "ఏం గాదన్నా, ఇంకింత గట్టిగైంది" అన్నాడు. ఇంకొకడు "ఎయిర్‌పోర్టుల తెలుస్తది తియ్" అన్నాడు. ఆఫీసులో ప్రయాణాల పనులు చూసే మేడమ్‌ను, "ఒకవేళ ఎవరిదైనా పాస్‌పోర్టు మీద ప్లాస్టిక్ వేస్తే..." అని అడిగాను.

"ఎవరిది?"

"ఎవరిదీ కాదు మేడమ్. ఊరికే."

"ఊరికే అయితే ఏం కాదు. నిజంగా అయితే కొత్తది తీసుకోవాలి, వీసా మళ్లీ కొట్టించాలి. అందాక మెషిన్ ఆగదు కదా, ఇంకొకరిని పంపుతాం."

ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలుసు. మా సెక్షన్‌లో ఒక జూనియర్ ఉండేవాడు. మెషిన్‌ను ముట్టకుండా దాని గురించి మెయిళ్లు రాయడంలో దిట్ట. అందుకే అందరం వాణ్ణి సాఫ్ట్ కాపీ అనేవాళ్లం. వాడి పాస్‌పోర్టు వాళ్ల నాన్న బీరువాలో, ఏ ప్రేమకూ నోచుకోకుండా, భద్రంగా ఉంది.

ఇక్కడ నేను ఊరుకుని ఉంటే ఈ కథ వేరేలా ఉండేదేమో. కానీ చదువుకున్నవాణ్ణి. వేడికి అంటుకున్న జిగురు వేడికే వదులుతుందని నాకు తెలుసు. గోలీలకు పొర పూసేవాడికి పొర ఊడదీయడం ఒక లెక్కా? పక్క గదిలో పెళ్లి కుదిరిన కుర్రాడి దగ్గర జుట్టు ఆరబెట్టే మెషిన్ అడిగి తెచ్చాను. తెల్ల కాగితం తీసుకుని పని పద్ధతి రాసుకున్నాను, నంబర్లు వేసి. ముందు వేడి చెయ్యాలి, తర్వాత మూల నుంచి మెల్లగా లేపాలి, ప్రతి మెట్టు తర్వాత ఆగి చూడాలి. మూల చక్కగా లేచింది. టిక్కు కొట్టాను. ఇంకొంచెం లాగితే ఇంకొంచెం లేచింది, ఎంత మర్యాదగా లేచిందంటే నా వెన్ను నేనే తట్టుకున్నాను. ఆగి చూస్తే, బాపు వేయించిన పొరతోపాటు దాని కింద సర్కారు వేసిన సన్నని పొర కూడా వచ్చేసింది, నా ఫొటోలోని ఎడమ చెవిని వెంటబెట్టుకుని. ఆ చెవిని జిగురుతో తిరిగి అంటించి, మీద నాలుగు పుస్తకాలు బరువు పెట్టాను. (అవీ నావే, ఇంజనీరింగ్ పుస్తకాలు. మొత్తం చదువులో అవి నాకు అంతగా పనికొచ్చింది అప్పుడే.) పొద్దున చూస్తే చెవి ఉంది, కానీ ఉండాల్సిన చోటుకు కొంచెం పైన ఉంది.

ప్రయాణం రోజు మా మేనమామ కిరాయి బండిలో బాపును, అవ్వను ఎక్కించుకుని నా రూముకు వచ్చాడు. బండి ముందర కొబ్బరికాయ కొట్టారు. గొర్రెలకు సెలవుండదు కాబట్టి అమ్మ ఇంటిదగ్గరే ఆగిపోయింది. బాపు కొత్త రుమాలు చుట్టి, ఎండాకాలమైనా భుజాన గొంగడి వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. శంషాబాద్‌లో దిగాక నా మెడలో బంతిపూల దండ వేశారు. అవ్వ నా గదవ పట్టుకుని, "పైలం కొడకా, గండ్ల కిటికీ కాడ కూసోకు, గాలికి జలుబైతది" అంది. గేటు దగ్గర సిపాయి పాస్‌పోర్టు అడిగితే, నాకంటే ముందు బాపు అందుకున్నాడు. "సూడు సారూ, మంచిగ సూడు, ఏపిచ్చినం" అన్నాడు. సిపాయి హిందీవాడు. ముఖం చూశాడు, టికెట్ చూశాడు, పొమ్మన్నాడు. బాపు నా వైపు తిరిగి కళ్లతోనే అన్నాడు, చూశావా అని.

కౌంటర్లో ఉన్నది నా ఈడు అమ్మాయే. పాస్‌పోర్టు మూయబోయింది, అది మూసుకోలేదు.

"సర్, ఇదేంటి?"

"ల్యామినేషన్."

"ఎవరు చేశారండీ?"

ప్రయాణానికి రాసుకున్న జాబితాలో ఈ ప్రశ్న లేదు. "షాపులో" అన్నాను. ఆమె వాళ్ల పెద్దాయనను పిలిచింది. ఆయన దాన్ని లైటు కిందికి వంచి చూసి, నన్ను చూసి, "మీ ఎడమ చెవి ఏదండీ?" అన్నాడు. నేను కంగారులో నా అసలు చెవి పట్టుకుని చూపించాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కంప్యూటర్ వెనక్కి వంగింది. పెద్దాయన మాత్రం మంచివాడు, నవ్వలేదు.

"చూడండి తమ్ముడూ, ఉత్త ల్యామినేషన్ అయితే మస్కట్ వాళ్లను ఒక మాట అడిగేవాణ్ణి. ఏమనేవారో తెలియదు, అడిగేవాణ్ణి. ఇది చూస్తే ఫొటో మార్చడానికి ఊడదీసినట్టుంది. మిమ్మల్ని ఎక్కించలేను."

ఉత్త ల్యామినేషన్ అయితే. ఆ మాట ఇప్పటికీ పచ్చడి గింజలా పంటి కింద తగులుతూనే ఉంటుంది. బాపు ఇస్త్రీపెట్టె పని ఒక్కటే అయితే ఆయన అడిగి చూసేవాడట. కుదరనిది నా పని పద్ధతితోనే. పెద్దసారుకు ఫోన్ చేస్తే, "సరే, పరవాలేదు" అన్నారు. అంత త్వరగా పరవాలేకపోతుందని నేను అనుకోలేదు. నా అవసరం ఎంతో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు, కౌంటర్ దాకా చాలు. "రేపు మెషిన్ నోట్సు అన్నీ సాఫ్ట్ కాపీకి అప్పజెప్పు" అని కూడా అన్నారు. నేను ఏళ్లుగా నంబర్లు వేసి రాసుకున్న నోట్సు అది.

ఎయిర్‌పోర్టులోకి పోవడం కంటే బయటికి రావడం కష్టం. ఆ ముద్ర, ఈ సంతకం అయి, వేరే గేటు నుంచి బయటపడేసరికి నా విమానం వేళ దాటిపోయింది. వీళ్లకు ఏం చెప్పాలన్నది ఒక్కటే నా ముందున్న ప్రశ్న. నిజం చెబితే చెవి మాట వెనకబడి, ఇస్త్రీపెట్టె మాటే ముందుకొస్తుంది. పట్టాబుక్కు పోయినప్పుడు ఆయన ఎన్ని రోజులు అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడో చూసినవాణ్ణి. మెడలో దండ తీయడం మరిచిపోయి, పెట్టె లాక్కుంటూ బండి ఆపిన జాగాకు నడిచాను. ముగ్గురూ నాకు వీపు చూపిస్తూ ఆకాశం వైపు నిలబడి ఉన్నారు. ఏదో విమానం లేస్తోంది.

"గదేనా మనోనిది?" అంటోంది అవ్వ.

"గదే. ఎడమ దిక్కు సీటట. గటు సూడు, గటు" అన్నాడు బాపు, రుమాలు విప్పి రెండు చేతులతో ఊపుతూ. మధ్యలో ఆ రుమాలుతోనే కళ్లు ఒత్తుకుని, మళ్లీ ఊపాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

మామ చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. "వారీ! అల్లుడు గీడనే ఉండె గదరా! మరి గండ్ల ఎవడు పోతాండు?"

బాపు చేతిలో రుమాలు అలాగే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

"కాయిదాలల్ల తేడా వచ్చింది బాపూ."

"ఏ కాయిదం?"

"...కంపెనోళ్లది."

బాపు కంపెనీని, దాన్ని పెట్టినవాణ్ణి, వాడి దగ్గర మందులు కొనేవాణ్ణి వరుసగా తిట్టాడు. "ఇంత పెద్ద కంపిని పెట్టుకొని ఒక్క కాయిదం సక్కగ ఉంచుకునుడు రాదా ఆళ్లకు? మనం గొర్లు కాసుకునేటోళ్లం గాదా, మన కాయిదమెట్లున్నది?" అని నా చేతిలోంచి పాస్‌పోర్టు తీసుకున్నాడు. అవ్వ ఒక్కతే సంతోషంగా ఉంది. "పోనీ తియ్, పచ్చడి కరాబు గాదు" అంది.

బండి చౌటుప్పల్ దాటింది. నన్ను రూము దగ్గర దింపమని అడగలేకపోయాను, వాళ్లూ అడగలేదు. బాపు ముందు సీట్లో పాస్‌పోర్టును వేళ్లతో తడుముతూ వస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగాడు.

"అరే, చెవు కాడ జెర లేసిందిరా. అవుతల పుస్తకాలతోని రాసుకొని ఉంటది."

"ఆఁ."

"ఏం గాదు తియ్. ఆదివారం అంగడికి పోత గద, మల్ల ఏపిస్త. గీసారి రెండు పొరలేపిస్త."

నేను కిటికీ వైపు తిరిగి, సరే బాపూ అన్నాను.

సాఫ్ట్ కాపీ మస్కట్ పోయాడు. మెషిన్ వణుకుతోందని అక్కడి నుంచి నాకు ఫోన్ చేశాడు. చౌటుప్పల్ టీ కొట్టు దగ్గర నిలబడి ఏ బోల్టు బిగించాలో చెప్పాను. ఖర్జూరాలు తెచ్చాడు, సీనియర్ అయ్యాడు. నేను దరఖాస్తు పెట్టుకుని కొత్త పాస్‌పోర్టు తీసుకున్నాను. అది ఆఫీసు డ్రాయరులో తాళం కింద ఉంది, నాలాగే ఏ దేశమూ చూడకుండా. పాతదానికి రద్దు ముద్ర కొట్టి తిరిగి ఇచ్చారు. రెండు పొరల మీద ముద్ర దిగడానికి ఆ గుమాస్తా చాలాసేపు అవస్థ పడ్డాడు. మొన్న గొర్రెల కార్డు కోసం ట్రంకుపెట్టె తెరిస్తే, అదే మొదట జారి నా పాదాల దగ్గర పడి, నోరు తెరిచింది. లోపల నూనె రాసి తల దువ్వుకున్న ఆ పిల్లవాడు, ముక్కు మీద బుడగ, చెవి కొంచెం పైన, అన్నీ జాబితాలో రాసుకున్నానన్న ధీమాతో నన్నే చూస్తున్నాడు. నవ్వొచ్చింది. వాడు ఎక్కడికీ పోలేదు, కానీ చెదలు మాత్రం పట్టలేదు.