ఏనుగు గడికి ఏనుగే

పటాన్‌చెరు దాటాక హైవే పక్కన ఉన్న ఒక ప్రభుత్వ పాఠశాలలో మా ఆయన పిల్లలకు చదరంగం నేర్పేవారు. ప్లాంటులో రిటైరయ్యాక మొదలుపెట్టిన పని అది. బోర్డులన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకుని మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు బస్సెక్కేవారు. నిరుడు వానాకాలంలో ఆయన పోయారు. కొన్నాళ్లకు హెడ్మాస్టరుగారు ఫోన్ చేసి, వీలైతే బోర్డులు ఎవరితోనైనా పంపమని మొహమాటపడుతూ అడిగారు. నేనే తీసుకువెళ్లాను. బడి వదిలేశాక కూడా పిల్లలు వరండాలో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు, మధ్యలో బోర్డుకు చోటు వదిలి. సంచి ఇచ్చేసి వచ్చేద్దామనుకున్నదాన్ని కూర్చుండిపోయాను. శుక్రవారం మళ్లీ వెళ్లాను.

నాకు ఆట వచ్చు, అంతే. పెళ్లయిన కొత్తలో కంపెనీ క్వార్టర్స్‌లో తోచక ఆయనతో ఆడటం మొదలుపెట్టి, చివరిదాకా ఓడిపోతూనే ఉన్నాను. నేర్పడానికి ఆ మాత్రం చాలనుకున్నాను.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. మొదటి రోజే ఆమె బంటు అవతలి చివరి వరసకు చేరింది. అలా చేరిన బంటును తీసేసి, దాని బదులు మనకు నచ్చిన బలగాన్ని, ఏనుగునో గుర్రాన్నో మంత్రినో, పెట్టుకోవచ్చు. అందరూ మంత్రినే పెడతారు. పిల్లలు దాన్ని క్వీన్ అంటారు. బోర్డు మీద దానికున్న బలం మరి దేనికీ లేదు. ఈ అమ్మాయి ఏనుగును పెట్టింది.

ఎదురుగా ఉన్న పిల్ల నవ్వింది. "క్వీన్ పెట్టవే పిచ్చిదానా."

"మూల గడి ఏనుగుది. ఏనుగే వస్తది."

నాకు అర్థమైంది. పూర్వం మన ఇళ్లలో ఆట అలాగే ఉండేది. ఆట మొదట్లో ఏ బలగం నిలబడ్డ గడికి బంటు చేరితే, అది ఆ బలగమే అవుతుంది. మా నాన్న కూడా అలాగే ఆడేవారు. ఇప్పుడు పోటీల్లో ఆ కట్టుబాటు లేదు.

"ఇప్పుడు ఏది కావాలంటే అది తీసుకోవచ్చమ్మా," అన్నాను.

"తీస్కోవచ్చు గద మేడం. క్వీనే తీస్కోవాలని లేదు గద?"

లేదు. ఆమె చేస్తున్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"మరి రాజు గడికి చేరితే?"

"అప్పుడు మంత్రే. ఇద్దరు రాజులుంటే ఇగ ఒకటే లొల్లి."

నవ్వొచ్చింది. ఎవరు నేర్పారని అడిగాను. "మా నాయిన," అంది, బోర్డు మీంచి తలెత్తకుండా. పక్క పిల్ల నా వైపు వంగి, "ఆల్ల నాయిన లేడు మేడం," అని చెప్పింది.

తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. వాళ్లది సంగారెడ్డి అవతల కొండాపూర్ దగ్గర పల్లె. తండ్రి మందుల కంపెనీలో పనికి చేరి, కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చాడు. ఖాళీ అట్టపెట్టె విప్పి, వెనకవైపు గళ్లు గీసి కూతురికి ఆట నేర్పాడు. జబ్బు చేసి పోయాడు. తల్లి సుల్తాన్‌పూర్‌లో ఇంజెక్షన్ సూదులు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేస్తుంది.

గెలవాల్సిన ఆటలు కొన్ని ఆ ఏనుగుల వల్ల, గుర్రాల వల్ల పోయాయి. పిల్లలు "ఏనుగుల దుకాణం" అని ఏడిపించేవారు. అయినా బడి తరఫున జిల్లా పోటీకి పంపాల్సి వచ్చినప్పుడు ఆమెకన్నా బాగా ఆడేవాళ్లు లేరు. ముందురోజు పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"రేపు ఒక్కరోజుకు క్వీన్ పెట్టు. గెలిస్తే రాష్ట్రపోటీకి వెళ్తావు. నీకు వెళ్లాలని ఉంది కదా?"

"ఉంది మేడం. కానీ క్వీన్ పెడితే నాయినతోని ఆడినట్టుండది."

ఆయన పోయాక కూడా నేను వీధి తలుపు తాళం ఆయన తగిలించే మేకుకే తగిలిస్తున్నాను. అది నాకు అందదు, స్టూలు ఎక్కాలి. ఇక ఆమెతో ఏం వాదిస్తాను? "నీ ఇష్టమమ్మా," అన్నాను.

పోటీ సంగారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూలు హాల్లో. సాయంత్రానికి ఆమెకు చివరి ఆట మిగిలింది. గెలిస్తేనే రాష్ట్రపోటీ, సమమైతే ఆ అవకాశం ఎదుటి అబ్బాయిది. నన్నూ, తోడు వచ్చిన పిల్లల్నీ తాడుకు ఇవతల నిలబెట్టారు. అక్కడి నుంచి బోర్డు కనబడుతోంది. అబ్బాయికి రాజు ఒక్కటే మిగిలింది. ఆమెకు రాజు, రెండు బంట్లు. ఒక బంటు మూల గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది. అబ్బాయి తన రాజును ఆ బంటు పక్కకు జరిపి, చటుక్కున చెయ్యి తీసేశాడు.

మామూలుగా ఆమె ఆలోచించకుండా ఏనుగును పెట్టేస్తుంది. ఆ రోజు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. బోర్డు పక్కన పడి ఉన్న మంత్రిని చూసింది. మళ్లీ బోర్డును చూసింది. గడియారం నడుస్తోంది. ఈ ఒక్కసారి మంత్రిని తీసుకో తల్లీ అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

బంటును జరిపి, తీసేసి, ఏనుగును పెట్టింది.

మా పిల్లల్లో ఎవరో "అయ్యో" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అప్పుడు చూశాను. అబ్బాయి రాజు కదలడానికి రెండే గడులున్నాయి. రెండూ మూల నుంచి ఏటవాలుగా వచ్చే దారిలోనే ఉన్నాయి. ఏనుగు ఏటవాలుగా వెళ్లదు. మంత్రి వెళ్తుంది. మంత్రిని పెట్టి ఉంటే ఆ రెండు గడులూ మూసుకుపోయేవి. రాజు మీద దాడి ఉండదు, కదలడానికి చోటూ ఉండదు. అలాంటప్పుడు ఆట సమమైనట్టు లెక్క. ఆ అబ్బాయి కోరి అక్కడికి వచ్చాడు. ఇప్పుడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

తర్వాత జరిగింది ఇంకా నెమ్మదైన పని. ఏనుగుతో గెలవడానికి ఓర్పు కావాలి. ఆమె తొందరపడలేదు, తడుముకోలేదు. మంత్రి దొరకని ఆటలే ఆడుతూ పెరిగిన పిల్లకు ఆ దారి అంతా తెలుసు. రాజును అంచుకు నెట్టుకుంటూ వెళ్లి కట్టేసి, ఆట గెలిచింది. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆయనతో అన్నేళ్లు ఆడాను, ఎన్నో ఆటలు చూశాను. ఇలాంటిది చూడలేదు.

బయటికొచ్చాక అడిగాను. "క్వీన్ పెడితే ఏమయ్యేదో చూశావా?"

"చూసిన మేడం. సమమైతుండె."

"అందుకే ఏనుగు పెట్టావా?"

"ఫస్టు ఏనుగుతోనే గెలుస్తనా అని చూసిన. గెలుస్తలేనంటే ఇయ్యాల క్వీన్ పెడదామనుకున్న." చెప్పు కొసతో నేల మీద గీస్తూ, మెల్లగా చెప్పింది. "రాత్రే నాయినకు చెప్పిన. ఇయ్యాల ఒక్కసారి క్వీన్ పెడ్త అని. కానీ అవసరం పడలే."

ఇంతలో నా ఫోన్ మోగింది. వాళ్ల అమ్మ. షిఫ్టు వదిలినట్టున్నారు, వెనక బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. స్పీకరు పెట్టి ఫోన్ ఆమె చేతికిచ్చాను. తల్లికి ఆట రాదు.

"ఏమైంది బిడ్డ?"

"గెలిచిన అమ్మ."

తల్లి ఒక్కటే అడిగింది.

"ఏనుగేనా?"

"ఏనుగే."