ఆకులో వేరే ఊరి రొట్టె

మా ఆఫీసు కింద కొత్తగా ఒక కాఫీ కొట్టు తెరిచారు. పొద్దున్నే లిఫ్టు దగ్గర నిలబడితే చాలు, బొగ్గుల మీద కాలుతున్న రొట్టె వాసన, దాని వెనకే పాండన్ ఆకు వేసి కాచిన కొబ్బరిపాల వాసన ముక్కుకు తగులుతాయి. నిన్న మా ఆఫీసు అమ్మాయి ఒకతి అక్కణ్ణించి పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఎలా ఉందో చెప్పమంది. కొరికి చూశాను. రొట్టె బాగానే కాలింది గాని మధ్యలో పూసిన కాయా అనే కొబ్బరిపాల ముద్ద తీపెక్కువై గొంతు పట్టేసిందనీ, వెన్న అప్పుడే కరిగిపోవడం తప్పనీ చెప్పాను. ఆ పిల్ల తెల్లబోయింది. మర్యాదకైనా బాగుందంటానని అనుకుంది పాపం. ఒకప్పుడు నేనూ అలా అనేదాన్నే. నాచేత ఆ మాట మాన్పించింది పైడమ్మ పిన్ని.

పిన్ని నాకు చుట్టం కాదు. పోర్ట్ క్లాంగ్‌లో షిప్పింగ్ ఆఫీసులో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు, తెలుగువాళ్ళ ఇల్లు కావాలని వెతికి వెతికి మా నాన్న నన్ను వాళ్ళింట్లో అద్దె గదిలో దింపాడు. రాములు బాబాయి రేవు నుంచి కంటైనర్ లారీ తోలేవాడు. పిన్ని మురుకులు వండి కొట్లకు వేసేది. పిల్లలు లేరు. ఆవిడ పుట్టింది సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో, ఆయన పుట్టింది బంటింగ్ తోటలో. ఇద్దరి తాతలూ తెలుగునేల నుంచి తోట కూలికి ఒకే ఓడలో వచ్చారని బాబాయి అనేవాడు, అంతా అబద్ధమని పిన్ని అనేది. మొదటి రోజు సాయంత్రం ఏం తింటావని పిన్ని అడిగితే, ఏదైనా పర్లేదన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏదైనా అనే కూర నాకు వండడం రాదు లా," అంది, ఇక్కడి అందరిలాగే మాట చివర లా తగిలిస్తూ.

ఆ ఇంట్లో తెగని తగువు ఒక్కటే, కాయా రొట్టె. కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార కలిపి సన్నసెగ మీద గంటల తరబడి తిప్పితే వచ్చే ముద్దే కాయా. చీనావాళ్ళ కాఫీ కొట్లలో దాన్ని కాల్చిన రొట్టెల మధ్య పూసి, చల్లటి వెన్న బిళ్ళ పెట్టి ఇస్తారు. పిన్ని చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిలెక్కించుకుని తీసుకెళ్ళి తినిపించిన కొట్టు సుంగై సిపుట్‌లో ఉంది. అక్కడ రొట్టె మందం, కాయా బెల్లం రంగు. బాబాయి కొట్టు బంటింగ్‌లో. అక్కడ రొట్టె పల్చన, కాయా ఆకుపచ్చన. కొరికితే పక్క బల్లవాడికి వినపడాలి, అదీ రొట్టె అంటే, అనేవాడు బాబాయి. అది రొట్టా, అప్పడమా అని పిన్ని. మీ ఊరి రొట్టె పరుపులా ఉంటుంది, తినడానికా పడుకోడానికా అని బాబాయి. ఆదివారమొస్తే పాత కారులో బంటింగ్ వెళ్ళేవాళ్ళం, సెలవులొస్తే పిన్ని తమ్ముడింటికి సుంగై సిపుట్. ఒక ఊరి రొట్టె ఇంకో ఊరికి పట్టుకెళ్ళి పోల్చడం అన్యాయమని ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ ఒప్పుకున్నది బహుశా అదొక్కటే.

తగువు ముదిరినప్పుడల్లా ఇద్దరూ నా వైపు తిరిగేవారు. నేను రెండూ బాగున్నాయనేదాన్ని. అద్దెకుండే పిల్లకు ఇంతకన్నా క్షేమమైన మాట ఏముంది? ఒక ఆదివారం బంటింగ్ నుంచి తిరిగొస్తుంటే పిన్ని ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. కోపమేమీ లేదు. బాధగానే అంది.

"రెండూ బాగున్నాయంటే నువ్వు మాతో కూర్సోనట్టే అమ్మీ. బాగుంటే బాగుందను, లేపోతే లేదను. మాకు తోడుంటాది."

ఆ మాట నన్ను వారమంతా తొలిచింది. మా ఇంట్లో మంచి పిల్ల అంటే నోరెత్తని పిల్ల. మన ఇష్టం చెప్పడం ఎదుటివాళ్ళకు తోడవుతుందని నాకెవరూ చెప్పలేదు. మళ్ళీ ఆదివారం గుండె చిక్కబట్టుకుని, నాకు బంటింగ్‌దే నచ్చిందని చెప్పేశాను. బాబాయి బల్ల మీద చరిచిన చరుపుకు కాఫీ ఒలికింది. పిన్ని మూతి తిప్పుకుని కారెక్కింది. కాని రాత్రి అన్నం పెట్టేటప్పుడు చేప తలకాయ నా కంచంలో వేసింది. ఆ ఇంట్లో అది బాబాయి వాటా. ఆయన చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. నాకు తెచ్చిన సంబంధం ఇష్టం లేదని మా నాన్నతో నోరు విప్పి చెప్పగలిగింది కూడా ఆ రొట్టె తరవాతే.

బాబాయి ఒక మధ్యాహ్నం రేవు గేటు ముందు లారీల వరసలో ఉండగానే గుండె ఆగి పోయాడు. పిన్ని అందరిలా ఏడ్చింది, అందరిలా లేచింది, మురుకుల పొయ్యి మళ్ళీ వెలిగించింది. బాగానే తేరుకుందని అందరూ అన్నారు. నేను మాత్రం భయపడ్డాను. ఎందుకంటే ఒక సాయంత్రం ఏం వండమంటావని అడిగితే పిన్ని, "ఏదైనా పర్లే," అంది. మర్నాడూ అదే మాట. ఏ చీర తియ్యమంటావన్నా అదే, తమ్ముడింటికి వెళ్దామా అన్నా అదే. మనిషి ఇంట్లోనే ఉంది, మాతో కూర్చోవడం మానేసింది.

దీపావళి వచ్చింది. ఏడాది తిరిగేదాకా పండగ లేదు గాని, ముందు రోజు పోయినవాళ్ళకు ఆకు వెయ్యడం తప్పదు. ఇక్కడివాళ్ళు పడయల్ అంటారు. పోయినవాళ్ళకు ఏది ఇష్టమో అదే, చుట్టయినా బీరయినా సరే, అరిటాకులో పెట్టి, దణ్ణం పెట్టి, తలుపు మూసి అందరూ బయట కూర్చుంటారు, వాళ్ళొచ్చి తినడానికి. బాబాయి అక్క నరసమ్మ గారు పొద్దున్నే బంటింగ్ నుంచి ఆ కొట్టు రొట్టె వేడిగా కట్టించుకుని వచ్చింది. పిన్ని దాన్ని తీసుకుని వంటింట్లో పెట్టేసింది. అంతకుముందు రోజు నన్ను వెంటబెట్టుకుని రైల్లో సుంగై సిపుట్ వెళ్ళి తెచ్చిన లావు రొట్టె తీసి, ఆకు మధ్యలో పెట్టింది. అంత దూరం ఎందుకు వెళ్తున్నామో రైల్లో నేనెంత అడిగినా చెప్పలేదు.

నరసమ్మ గారు నిర్ఘాంతపోయింది. "తమ్ముడికి గిట్టంది ఆకులో ఎడతావేటి పైడమ్మా? ఆకలితో తిరిగెల్లిపోడా?"

పిన్ని ఆకు సర్దుతూనే జవాబిచ్చింది. "ఇష్టమైంది ఎడితే తినేసి ఎల్లిపోతాడు వదినా. ఇది సూస్తే నాతో దెబ్బలాడ్డానికి వస్తాడు."

నరసమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. పిన్ని మూసిన తలుపుకు చెవి ఆనించి కూర్చుంది. తరవాత ఆకులోవి తీసి వెనక గోడ మీద కాకులకు పెట్టాం. ఒక కాకి వచ్చి చేప తింది, గుడ్డు తింది. రొట్టెను ముక్కుతో ఒక్కసారి పొడిచి, తీసి కాలవలోకి విసిరి, మా వైపు తిరిగి గట్టిగా అరిచింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. ఆయన ఏమీ మారలేదని నాతో చెప్పింది. ఆ సాయంత్రం ఏం వండమంటావని అడిగితే, చేపలపులుసు పెట్టమని, మొన్నటిలా చప్పగా కాకుండా పులుపు గట్టిగా వెయ్యమని చెప్పింది. చింతపండు పిసుకుతూ నేను ఏడ్చాను.

ఇప్పుడు పిన్నీ లేదు. ఆవిడకు ఆకు వేసేది నేనే. చుట్టమేమీ కాదు కదా అని మా ఆయన తరఫువాళ్ళు మొదట్లో అన్నారు. నేను వేస్తానని చెప్పాను, అంతే. ఏటా దీపావళి ముందు రోజు చీకటితోనే లేచి బంటింగ్ వెళ్తాను. ఆకుపచ్చ కాయా పూసిన పల్చటి రొట్టె తెచ్చి, పిన్ని ఫోటో ముందు ఆకు మధ్యలో పెట్టి, ఇప్పటికీ నాకు ఇదే బాగుంది పిన్నీ అని పైకే చెబుతాను. తలుపు మూసి బయట కూర్చుంటాను. లోపల చప్పుడేమీ ఉండదు. అయినా చెవి అటే వేసి ఉంచుతాను. ఆవిడ ఆ మాట విని ఊరుకునే మనిషి కాదు.