పెద్ద సిస్టర్ గారి గాడిద

నేను రాజోలు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి అక్కడ ఇద్దరు స్పెయిన్ దేశపు సిస్టర్లు ఉండేవారు. ఎనభయ్యో దశకం మొదట్లో మాట. పెద్దావిడ వయసులో ఉండగానే కోనసీమకి వచ్చి, మా అమ్మలాంటి వాళ్లెందరికో పురుళ్లు పోశారు. తెలుగు మాలాగే మాట్లాడేవారు. నేను చేరిన ఏడాదే ఆవిడకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గాని, తెలుగూ ఇంగ్లీషూ రెండూ పోయాయి. చిన్ననాటి స్పానిష్ ఒక్కటే మిగిలింది.

ఆవిడని చూసుకునే పని నాకు పడింది. చిన్న సిస్టర్ గారు నాకొక స్పానిష్ వాచకం ఇచ్చి, తీరిక దొరికినప్పుడల్లా పాఠం చెప్పేవారు. వానాకాలం వెళ్లేసరికి పుస్తకంలో వాక్యాలు బాగానే చదివేస్తున్నాను. పెద్ద సిస్టర్ గారు నోరు విప్పితే మాత్రం ఏమీ తెలిసేది కాదు. పుస్తకంలో విడివిడిగా ఉన్న మాటలు ఆవిడ నోట్లో కలిసిపోయేవి. ఒక మాటకి అర్థం వెతుక్కునేలోగా మిగతావన్నీ దాటిపోయేవి.

ఆ సంగతి చెబితే చిన్న సిస్టర్ గారు నవ్వారు. తెలుగు పుస్తకాలు చదువుకుని ఇక్కడికి వచ్చిన కొత్తలో, మందు కోసం వచ్చిన ఒకావిడ "కడుపులో తిప్పేత్తందండీ" అంటే తాను తెల్లమొహం వేశారట.

"పోయిన మాట కోసం ఆగిపోకమ్మా. ఆవిడ రోజూ చెప్పేది ఒకటే కథ. రోజూ విను," అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

నిజమే. మధ్యాహ్నం కాఫీ తాగాక వరండాలో కూర్చుని, గోడకేసి చూస్తూ ఆవిడ అదే కథ చెప్పేవారు. మొదట నాకు అందింది 'బుర్రో' ఒక్కటే. అంటే గాడిద. కొన్నాళ్లకి వంతెన దొరికింది. ఆ తరవాత తమ్ముడు. ఒకరోజు 'సె కయో' అనడం స్పష్టంగా వినబడింది. వాచకంలో చదివిన మాటే: పడిపోయాడు. వెంటనే ఆవిడ సన్నగా ఏదో రాగం తీశారు. తమ్ముడు ఏట్లో పడిపోయాడనీ, అది ఏడుపు పాటనీ అనుకున్నాను. ఇంటికెళ్లి చెబితే అమ్మ కళ్లు తుడుచుకుంది.

కాని ఒక సందేహం నన్ను వదల్లేదు. కథ చివర ఆ తమ్ముడు రొట్టె తింటున్నాడు. ఏట్లో పడినవాడు రొట్టె ఎలా తింటాడు? అది తేల్చుకోవాలని, అర్థాలు వెతకడం మానేసి ఆవిడ గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ ఆగుతోందో వినసాగాను. వంతెన మీద బళ్లు ఆగినట్టు తెలిసింది. తండ్రి ఎవరినో బతిమాలుతున్నాడు. ఏట్లోకి మాత్రం ఎవరూ చూడటం లేదు.

చివరికి చిన్న సిస్టర్ గారి దగ్గరికెళ్లి, ఆ 'సె కయో'ని విన్నది విన్నట్టే పలికి చూపించాను.

"అవి రెండు మాటలమ్మా. రాతలో వేరు, చెవికి ఒకటే. ఒకటి పడిపోయాడని. రెండోది నోరు మూసుకున్నాడని."

మర్నాడు కథంతా అందింది. వాళ్ల గాడిద, తమ్ముడు పాడితేనే వంతెన దాటేది. ఒకరోజు సంతకి వెళ్తూ వంతెన మధ్యలో ఆ తుంటరి పాట ఆపేశాడు. గాడిద నిలబడిపోయింది. వెనక బళ్లన్నీ నిలిచిపోయాయి. తండ్రి రొట్టె చేతిలో పెట్టి బతిమాలినా వాడు నోరు విప్పలేదు. బళ్లవాళ్లందరూ కలిసి పాడి గాడిదని దాటిస్తుంటే, వాడు దాని మీద కూర్చుని రొట్టె తింటున్నాడు.

నేను పకపకా నవ్వేశాను. ఆవిడ గోడ మీంచి చూపు తిప్పి నన్ను చూశారు. కాసేపటికి తనూ నవ్వారు. ఆ పాట ఎవరు నేర్పారండీ అని స్పానిష్‌లో కూడబలుక్కుని అడిగాను. మేనత్త అట. ఆ మేనత్త గురించి గడగడా చెప్పుకుపోయారు, ఈసారి గోడకి కాదు, నాకు. సగం తెలిసింది. మిగతా సగం కోసం స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.